ఇయర్ సెవెన్ టైమ్‌టేబుల్‌లో బొమ్మలూ బిట్లూ

ఇంగ్లండులో పిల్లలు సెకండరీ స్కూల్లో చేరిన మొదటి వారాల్లో ఆర్ట్ టీచర్లు తరచూ చేయించే పని ఒకటుంది. కాలి బూటు విప్పించి, బల్ల మీద పెట్టించి, దాన్ని చూసి గీయమంటారు. లేదంటే ఎవరి ఎడమచేతిని వాళ్ళనే చూసుకుని గీయమంటారు. అప్పటికి ఏమీ నేర్పరు, ఏమీ దిద్దరు. కాగితం మీద తేదీ వేయించి దాచేస్తారు. ఒక్కొక్కరు ఒక్కో ప్రైమరీ స్కూలు నుంచి వచ్చి ఉంటారు కాబట్టి ఎవరి చెయ్యి ఎంతవరకు తిరిగిందో తెలుసుకోవడానికి ఇదొక కొలత. ఏడాది చివర్లో అదే బూటును మళ్ళీ గీయించి, పాత బొమ్మ పక్కన పెట్టి చూపించే టీచర్లూ ఉన్నారు.

మొదటిసారి గీసిన బొమ్మల్లో ఒక తప్పు మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. లేసు దూర్చే రంధ్రాలు పక్కనుంచి చూస్తే మూడో నాలుగో కనిపిస్తాయి. పిల్లలు మాత్రం ఎనిమిదీ గీస్తారు. బూటుకి ఎనిమిది ఉంటాయని వాళ్ళకు తెలుసు కదా మరి. కళ్ళ ముందున్న బూటును కాకుండా మనసులో ఉన్న బూటును గీశారన్నమాట. ఆ ఏడాది ఆర్ట్ క్లాసులో జరిగే పనిలో పెద్ద వాటా ఈ అలవాటును మాన్పించడానికే పోతుంది.

ఇయర్ సెవెన్ అంటే పదకొండు నిండిన పిల్లల తరగతి. మన లెక్కలో ఆరో తరగతి, హైస్కూలు మొదటి ఏడాది. ఉద్యోగాల మీద వెళ్ళి అక్కడ స్థిరపడిన తెలుగు ఇళ్ళల్లో ఈ తరగతి మొదలవగానే ప్రశ్నలు లెక్కల చుట్టూ, సైన్సు చుట్టూ తిరుగుతాయి. కంప్యూటింగ్ గురించి అడిగేది ‘కోడింగ్ ఎంతవరకు వచ్చింది’ అన్న ఒక్క ముక్కే. ఆర్ట్ సంగతి అడిగేవాళ్ళు తక్కువ. బొమ్మ బాగుంటే ఫ్రిజ్ మీద అంటిస్తారు, బాగా లేకపోతే బ్యాగులోనే ఉండిపోతుంది. రెండు సబ్జెక్టుల్లోనూ చూసేది చివర్లో తయారైన వస్తువునే. ఇయర్ సెవెన్ నేర్పేది మాత్రం ఎక్కువగా ఆ వస్తువు తయారయ్యే దారిలో ఉంటుంది: సరిగ్గా చూడటం, విడగొట్టడం, ఎక్కడ తప్పిందో పట్టుకోవడం, మళ్ళీ చేయడం. అందుకే ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటం అవసరం.

ముందు కాగితం మీద ఏముందో చూద్దాం. ఇంగ్లండులో ఇప్పుడు నడుస్తున్న జాతీయ పాఠ్యప్రణాళిక 2013లో ప్రకటించి 2014 సెప్టెంబరు నుంచి అమల్లో పెట్టినది. పదకొండు నుంచి పద్నాలుగేళ్ళ దాకా, అంటే ఇయర్ సెవెన్ నుంచి నైన్ దాకా ఒక దశగా తీసుకుని, ఆ మూడేళ్ళకూ కలిపి ఒక్కో సబ్జెక్టుకు లక్ష్యాలు రాశారు. ఏ ఏడాది ఏది చెప్పాలన్నది స్కూలు ఇష్టం. ఆర్ట్ భాగం ఎంత చిన్నదంటే ఒక పేజీలో పట్టేస్తుంది. స్కెచ్‌బుక్కుల్లో తాము చూసినవి నమోదు చేసుకోవాలి, రకరకాల సామగ్రితో పని చేయడం రావాలి, తమ పనినీ ఇతరుల పనినీ విశ్లేషించగలగాలి, ప్రాచీన కాలం నుంచి నేటి వరకు కళ, చేతిపని, డిజైన్, భవన నిర్మాణాల చరిత్ర తెలియాలి. అంతే. ఒక్క చిత్రకారుడి పేరు కూడా అందులో లేదు. అందుకే ఒక స్కూల్లో వాన్ గో, ఇంకో స్కూల్లో కాండిన్‌స్కీ, మరో చోట ఆఫ్రికా ముసుగులు చెప్తారు. పైగా అకాడమీ స్కూళ్ళు, అంటే స్థానిక ప్రభుత్వం కింద కాకుండా నేరుగా కేంద్రం నిధులతో నడిచేవి, జాతీయ పాఠ్యప్రణాళికను పాటించి తీరాలన్న నిబంధన కూడా లేకుండానే నడుస్తూ వచ్చాయి. అక్కడి సెకండరీ స్కూళ్ళలో ఎక్కువ భాగం అకాడమీలే. కాబట్టి ‘ఇయర్ సెవెన్‌లో ఇది చెప్తారు’ అని ఎవరైనా గట్టిగా అంటే, ‘మామూలుగా’ అన్న మాట కలుపుకుని వినాలి.

మామూలుగా ఆర్ట్ మొదలయ్యేది గీత, ఆకారం, వెలుగునీడలు, రంగు, నమూనా, ఉపరితలం లాంటి ప్రాథమిక అంశాలతో. మొదటి కసరత్తుల్లో ఒకటి టోన్ పట్టీ. అడ్డంగా ఒక పట్టీ గీసి, దాన్ని ఆరేడు గళ్ళు చేసి, ఒక చివర తెల్ల కాగితం అలాగే వదిలేసి, రెండో చివర మెత్తటి పెన్సిలుతో వీలైనంత నల్లగా చేసి, మధ్య గళ్ళను మెట్టుమెట్టుగా నింపాలి. వినడానికి ఒకటో తరగతి పనిలా ఉంటుంది. చేస్తే తెలుస్తుంది కష్టం. చాలామందికి మధ్యలో రెండు గళ్ళు ఒకేలా వస్తాయి. కొందరు పెన్సిలు గట్టిగా నొక్కడానికి భయపడి, నల్లగా ఉండాల్సిన చివరి గడిని కూడా బూడిద రంగులోనే వదిలేస్తారు. ఆ భయం పోతే గానీ గుండ్రటి వస్తువు కాగితం మీద గుండ్రంగా కనిపించదు.

ఆ తరవాత స్తూపాకారాలు వస్తాయి: కప్పులు, సీసాలు, డబ్బాలు. మనింట్లో అయితే స్టీలు గ్లాసు చాలు. గ్లాసును బల్ల మీద పెట్టి కూర్చుని చూస్తే మూతి కోలగా కనిపిస్తుంది. పిల్లలు ఆ మూతిని పూర్తి గుండ్రంగానో, రెండు చివర్లూ మొన తేలిన కంటి ఆకారంలోనో గీసి, అడుగును మాత్రం స్కేలు పెట్టినట్టు తిన్నగా గీస్తారు. గ్లాసు బల్ల మీద కదలకుండా నిలబడుతుంది, అంటే అడుగు తిన్నగానే ఉండాలి కదా అన్నది వాళ్ళ తర్కం. నిజానికి పైనుంచి చూస్తున్నప్పుడు అడుగు అంచు కూడా వంపుగానే కనిపిస్తుంది, మూతి కంటే కాస్త ఎక్కువ వంపుతో. ఆ ఒక్క గీతను వంచగానే గ్లాసు బల్ల మీద కూర్చున్నట్టు అవుతుంది. తిన్నగా వదిలేస్తే ఎంత షేడింగ్ చేసినా అతికించిన కాగితంలాగే ఉంటుంది.

రంగుల దగ్గర కూడా ఇదే వరస. ఎరుపు, పసుపు, నీలం మూడే ఇచ్చి మిగతావి కలుపుకోమంటారు. నీడ కావాలంటే నలుపు కలపడం పిల్లల మొదటి ఆలోచన. నారింజ పండు నీడలో నలుపుకు బదులు కాస్త నీలం కలిపి చూపించినప్పుడు, రంగు చచ్చిపోకుండా ముదరడం కళ్ళారా చూస్తారు. ఏడాదిలో ఎక్కడో ఒకచోట మట్టిపనో, అచ్చుపనో ఉంటుంది. ఏదో ఒక చిత్రకారుడి మీద స్కెచ్‌బుక్కులో ఒక పేజీ ఉంటుంది. ఈ చివరిదే ఎక్కువ ఇళ్ళల్లో హోంవర్కుగా కనిపిస్తుంది, ఎక్కువగా పాడయ్యేదీ అదే. ఇంటర్నెట్ నుంచి జీవిత చరిత్ర దించి, పేరును రంగురంగుల అక్షరాల్లో రాసి, ఫొటో అంటించి ఇచ్చేస్తారు. టీచరు అడిగేది అది కాదు. ఆ చిత్రంలో బ్రష్ ఎలా కదిలింది, కన్ను ముందు ఎక్కడికి పోతోంది, అందులోంచి నీ బొమ్మలోకి ఏం తీసుకుంటావు అన్నవి.

స్కెచ్‌బుక్కు మీద ఇంత పట్టుదల ఎందుకంటే కారణం పై తరగతుల్లో ఉంది. పదహారేళ్ళకు, మన పదో తరగతి పరీక్షలా రాసే జీసీఎస్ఈ ఆర్ట్‌లో 60 శాతం పోర్ట్‌ఫోలియోకు, అంటే కోర్సులో చేసిన పనుల కట్టకు, 40 శాతం బోర్డు ఇచ్చే అంశం మీద చేసే పనికి పోతాయి. మార్కులు వేసే ప్రమాణాలు నాలుగు, నాలుగింటికీ సమాన బరువు: ఆలోచనను పెంచుకుంటూ పోవడం, ప్రయోగాలు చేసి మెరుగుపరచడం, చూసినవి నమోదు చేయడం, చివరి పనిని అందించడం. అంటే ఫ్రేము కట్టదగ్గ ఆ చివరి బొమ్మకు ముడిపడిన వాటా నాలుగో వంతు. మిగతా మూడు వంతులూ దారిలోనివే. కొట్టివేసిన గీత పక్కన ‘ఇక్కడ చెయ్యి పెద్దదైంది’ అని రాసుకోవడం ఇయర్ సెవెన్‌లో అలవాటవకపోతే, ఇయర్ టెన్‌లో హఠాత్తుగా రాదు. బొమ్మ నీటుగా ఉండాలని ఇంట్లో పెద్దవాళ్ళు రబ్బరుతో తుడిపించే గీతల్లోనే ఆ సాక్ష్యం ఉంటుంది.

ఇక కంప్యూటింగ్. ఈ సబ్జెక్టుకు ఆ పేరు వచ్చింది కూడా 2014లోనే. అంతకుముందు ఐసీటీ, అంటే సమాచార, కమ్యూనికేషన్ సాంకేతికత అనే సబ్జెక్టు ఉండేది. ఆచరణలో చాలా క్లాసుల్లో అది వర్డ్, పవర్‌పాయింట్, ఎక్సెల్ దగ్గరే ఆగిపోయింది. 2011 ఆగస్టులో ఎడిన్‌బరోలో చేసిన ప్రసంగంలో గూగుల్ చైర్మన్ ఎరిక్ ష్మిట్, సాఫ్ట్‌వేర్ వాడటం నేర్పుతున్నారు గానీ అది ఎలా తయారవుతుందో నేర్పడం లేదని బ్రిటన్‌ను ఎత్తిపొడిచాడు. 2012 జనవరిలో బ్రిటన్ శాస్త్రవేత్తల సంఘమైన రాయల్ సొసైటీ ఇదే విషయం మీద ఘాటైన నివేదిక ఇచ్చింది. అదే నెలలో అప్పటి విద్యామంత్రి మైకేల్ గోవ్ పాత ఐసీటీ పాఠ్యాంశాన్ని తీసేస్తామన్నాడు. రెండున్నరేళ్ళు తిరిగేసరికి కొత్త సబ్జెక్టు క్లాసులోకి వచ్చేసింది. నేర్పాల్సిన టీచర్లలో చాలామంది మాత్రం ప్రోగ్రామింగ్ ఎప్పుడూ చదువుకోనివాళ్ళే. ఆ లోటు పూడ్చడానికి ప్రభుత్వం 2018లో కంప్యూటింగ్ టీచర్ల శిక్షణకు ఒక జాతీయ కేంద్రాన్నే పెట్టాల్సి వచ్చింది.

ఆ కేంద్రం ఉచితంగా ఇచ్చే పాఠాల్లో ఇయర్ సెవెన్‌కు ఆరు యూనిట్లున్నాయి. ఆన్‌లైన్‌లో ఇతరులతో మర్యాదగా పనిచేయడం ఒకటి. జెండాల సంకేతాల నుంచి ఇంటర్నెట్ దాకా నెట్‌వర్కుల కథ ఒకటి. ఒక మంచి పనికి మద్దతు కూడగట్టేలా బ్లాగు రాయడం, అందులో వాడే ఫొటోకు ఎవరి అనుమతి కావాలో, చదివిన సమాచారాన్ని ఎంతవరకు నమ్మాలో చూసుకోవడం ఒకటి. స్ప్రెడ్‌షీట్లు ఒకటి. స్క్రాచ్‌లో ప్రోగ్రామింగ్ రెండు భాగాలు. ‘కోడింగ్’ అన్నది ఆరింట్లో రెండే అని గమనించాలి. అక్షరాలతో రాసే పైథాన్ ఆ క్రమంలో ఇయర్ ఎయిట్‌లో గానీ రాదు. రంగు దిమ్మెలు జరుపుకునే స్క్రాచ్ చిన్నపిల్లల ఆట అని, పైథాన్ వస్తే గానీ అసలు చదువు మొదలవలేదని కొందరు తల్లిదండ్రులకు ఒక లెక్క. ఆ టెన్షన్‌తో బయట ట్యూషన్‌లో చేర్పిస్తారు కూడా. ఎక్కడ చిక్కుకుంటారో చూస్తే ఆ లెక్క తప్పని తెలుస్తుంది.

స్క్రాచ్‌లో పిల్లి బొమ్మ చేత చతురస్రం గీయించాలంటే: 100 అడుగులు జరుగు, 90 డిగ్రీలు తిరుగు, దీన్ని 4 సార్లు చెయ్యి. ఇది అందరికీ వెంటనే వస్తుంది. ఇప్పుడు మూడు భుజాలూ సమానంగా ఉండే ముక్కోణం గీయమంటే, దాని కోణం 60 అని లెక్కల క్లాసులో నేర్చుకున్నారు కాబట్టి, 3 సార్లు, 60 డిగ్రీలు అని పెడతారు. తెర మీద వచ్చేది ముక్కోణం కాదు. నోరు తెరిచిన బాణలిలా మూడు గీతలు వస్తాయి, షడ్భుజిలో సగం. మొదట కంప్యూటర్‌ను తిడతారు. తరవాత 3ని 4 చేస్తారు, 60ని 70 చేస్తారు. కాసేపటికి ఒకరు లేచి నిలబడి, తామే పిల్లి అనుకుని నడిచి చూస్తే గుట్టు తెలుస్తుంది. మూల దగ్గర పిల్లి తిరగాల్సింది లోపలి కోణమంత కాదు, వచ్చిన దారి నుంచి ఎంత పక్కకు మళ్ళాలో అంత. 180లోంచి 60 తీసేస్తే 120. చతురస్రంలో లోపలి కోణమూ 90, తిరగాల్సిందీ 90 కాబట్టి అపార్థం బయటపడకుండా దాక్కుంది. ఒకసారి ఇది దొరికాక, మొత్తం మీద తిరిగేది 360 అని, ఎన్ని భుజాలు కావాలంటే 360ని అన్నిటితో భాగిస్తే చాలని వాళ్ళే కనిపెడతారు. ఇదే ముక్కోణాన్ని పైథాన్‌లో రాయించినా అదే 60 పెట్టి అదే బాణలి గీస్తారు, కాకపోతే ముందు ఒక బ్రాకెట్ మర్చిపోయి ఇంకో పది నిమిషాలు పోగొట్టుకుంటారు. దిమ్మెల వల్ల మిగిలేది ఆ పది నిమిషాలే.

బూటుకు ఎనిమిది రంధ్రాలు గీసిన పిల్లవాడూ, పిల్లిని 60 డిగ్రీలు తిప్పిన పిల్లవాడూ చేసింది ఒకే రకం పొరపాటు. తమకు ముందే తెలిసినదాన్ని, ఎదురుగా ఉన్నదానికి బదులు వాడారు. తేడా ఏమిటంటే కంప్యూటర్ ఆ పొరపాటును అప్పటికప్పుడు తెర మీద చూపించేస్తుంది. కాగితం అలా చేయదు. బొమ్మలో తప్పును కనిపెట్టడానికి ఇంకొక కన్ను కావాలి, అది టీచరుదో పక్కవాడిదో. కాగితాన్ని చేతులంత దూరం పట్టుకుని చూడమని ఆర్ట్ టీచర్లు అనడం అందుకే.

రెండు సబ్జెక్టులూ నిజంగా ఒకదాన్నొకటి తాకే చోటు ఇంకొకటుంది. 2016లో బీబీసీ బ్రిటన్‌లోని ఈ వయసు పిల్లలందరికీ మైక్రోబిట్ అనే చిన్న సర్క్యూట్ బోర్డును ఉచితంగా పంచింది. దాదాపు 10 లక్షల బోర్డులు. ఇంగ్లండులో అవి అందింది సరిగ్గా ఇయర్ సెవెన్ వాళ్ళకే. రెండు బటన్లు, కదలికను పసిగట్టే సెన్సారు, దిక్సూచి, ముందువైపు 5 వరుసల్లో 5 చొప్పున 25 ఎర్ర బల్బులు. చాలామంది దాని మీద మొదట వెలిగించేది గుండె బొమ్మ. వెలిగితే 1, ఆరితే 0 అనుకుంటే వరుసలు ఇలా ఉంటాయి: 01010, 11111, 11111, 01110, 00100. ఇలాంటి ఒక్కో 0నూ, 1నీ బిట్ అంటారు. ఇరవై అయిదు బిట్లలో ఒక గుండె. బొమ్మల్ని, శబ్దాల్ని, అక్షరాల్ని బైనరీ అంకెలుగా ఎలా దాస్తారో తెలియాలన్నది ఈ దశ పాఠ్యప్రణాళికలో ఉంది. దాన్ని అరచేతిలో చూపించడానికి ఇంతకంటే సులువైన పరికరం దొరకదు.

ఐదు చుక్కలు, ఐదు వరుసలు అనగానే తెలుగువాళ్ళకు ఏం గుర్తొస్తుందో చెప్పక్కర్లేదు. చుక్కల ముగ్గు కూడా గళ్ళ మీద నియమం ప్రకారం నడిచే బొమ్మే. ఒక మూలలో వేసిన మలుపును మిగతా మూడు మూలల్లో తిప్పి తిప్పి వేస్తాం. సంక్రాంతికి అమ్మమ్మగారింట్లో ముగ్గు పెట్టిన పిల్లకు ‘దీన్ని 4 సార్లు చెయ్యి’ అన్న ఆజ్ఞ కొత్తగా అనిపించకూడదు.

మైక్రోబిట్ బల్బులు వెలగడం, ఆరడం రెండే కాదు. వెలుగును 0 నుంచి 9 దాకా పది మెట్లలో పెట్టొచ్చు. ఆర్ట్ క్లాసులో పెన్సిలుతో నింపిన టోన్ పట్టీ ఇదే. 0 చీకటి, 9 పూర్తి వెలుగు, మధ్యలో మెట్లు. మెట్టు పెరిగేకొద్దీ దాచుకోవాల్సిన బిట్లు పెరుగుతాయి. నాలుగు మెట్లకు 2 బిట్లు చాలు, 256 మెట్లకు 8 కావాలి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటికీ ఎనిమిదేసి చొప్పున ఇస్తే కోటీ అరవై ఏడు లక్షలకు పైగా రంగులొస్తాయి. ఇక్కడ పిల్లలకు ఒక చిక్కు. ఆర్ట్ టీచరు మూల రంగులు ఎరుపు, పసుపు, నీలం అంటారు. కంప్యూటింగ్ టీచరు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంటారు. ఒకటి కాగితం మీద పూసే రంగు, అది వెలుగును మింగుతుంది కాబట్టి కలిపేకొద్దీ ముదురుతుంది. రెండోది తెర నుంచి వచ్చే వెలుగు, కలిపేకొద్దీ తెల్లబడుతుంది. రెండు క్లాసులూ ఒకే వారంలో ఉన్నా, ఈ సంగతి కలిపి చెప్పే ఏర్పాటు మాత్రం పాఠ్యప్రణాళికలో ఎక్కడా లేదు.

కలిపి చెప్పడానికి సమయం కూడా తక్కువే. స్థానిక ప్రభుత్వాల కింద నడిచే స్కూళ్ళకు ఏడాదికి 190 పనిదినాలు, అంటే 38 వారాలు. వారానికి ఒక గంట పీరియడ్ ఇస్తే ఏడాదికి 38 గంటలు. పరీక్షలు, ట్రిప్పులు, సెలవుల ముందు రోజులు తీసేస్తే ఇంకా తగ్గుతుంది. కొన్ని స్కూళ్ళలో ఆర్ట్‌ను వంట, కుట్టు, చెక్కపనితో కలిపి వంతులవారీగా తిప్పుతారు. అలాంటి చోట ఏడాదిలో కొన్ని వారాలే ఆర్ట్ ఉంటుంది. పైగా పద్నాలుగేళ్ళ తరవాత ఆర్ట్ ఇష్టమైనవాళ్ళకే.

పైకి వెళ్ళేకొద్దీ ఈ రెండు సబ్జెక్టుల దారులు ఒక వింత పద్ధతిలో విడిపోతాయి. ఆర్ట్‌లో చివరిదాకా పనికే మార్కులు. కంప్యూటర్ సైన్సులో అలా కాదు. జీసీఎస్ఈలో ఒకప్పుడు ప్రోగ్రామింగ్ ప్రాజెక్టుకు 20 శాతం మార్కులుండేవి. ఆ ప్రాజెక్టు ప్రశ్నలూ జవాబులూ ఇంటర్నెట్‌లో తిరుగుతున్నాయని తేలడంతో, 2018 నుంచి వాటిని లెక్కలోకి తీసుకోవడం మానేశారు. ఇప్పుడు మొత్తం పరీక్ష పేపర్లే. ఇయర్ సెవెన్‌లో పిల్లి తప్పు తిరిగితే లేచి నడిచి చూసిన పిల్లలే, పదహారేళ్ళకు చాలా చోట్ల కాగితం మీద పెన్నుతో ప్రోగ్రాము రాస్తారు. కాపీ కొట్టడాన్ని ఆపడానికి తీసుకున్న నిర్ణయమే గానీ, తప్పు చేసి దిద్దుకోవడం అన్న అసలు నైపుణ్యానికి మార్కుల్లో చోటు తగ్గిపోయింది. 2010లో వచ్చిన ఇ-బాక్ అనే కొలమానం ఇంకో అడుగు వేసింది. స్కూళ్ళను అంచనా వేసే ఆ జాబితాలో కంప్యూటర్ సైన్సుకు తరవాత చోటిచ్చారు గానీ ఆర్ట్‌కు ఇవ్వలేదు. టైమ్‌టేబుల్ వేసేవాళ్ళకు ఆ సైగ చాలు.

మార్కుల మాట వస్తే, తెలుగు తల్లిదండ్రులు తికమకపడేది ఇక్కడే. 2014లో పాత స్థాయి అంకెలు తీసేశాక, ఇయర్ సెవెన్ ప్రగతిని ఎలా చెప్పాలన్నది స్కూళ్ళకే వదిలేశారు. ‘ఎదుగుతోంది’, ‘నిలకడగా ఉంది’ లాంటి మాటలు రిపోర్టులో ఉంటాయి. నూటికి ఎన్ని, క్లాసులో ఎన్నో ర్యాంకు అన్నదానికి జవాబు దొరకదు. స్కెచ్‌బుక్కు తెరిచి సెప్టెంబరు పేజీ, మార్చి పేజీ పక్కపక్కన చూస్తే, స్క్రాచ్‌లో పాత ప్రాజెక్టు తెరిచి దిమ్మెలు చూస్తే, ఆ మాటలకంటే ఎక్కువే తెలుస్తుంది.

మన దగ్గర ఇదే వయసుకు ఏం జరుగుతోందన్నది వేరే పెద్ద కథ. 2020 జాతీయ విద్యావిధానం ఆరో తరగతి స్థాయి నుంచి కోడింగ్ మొదలుపెట్టాలని, ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా కుమ్మరి, వడ్రంగి లాంటి స్థానిక పనివాళ్ళ దగ్గర నేర్చుకోవాలని రాసింది. కొండపల్లి, ఏటికొప్పాక, చేర్యాల ఉన్న నేలకు ఆ పది రోజులు ఎంత పనికొస్తాయో వివరించనక్కర్లేదు. డ్రాయింగ్ పీరియడ్‌లో లెక్కల మాస్టారు వచ్చి మిగిలిపోయిన సిలబస్ పూర్తి చేయడం ఎరుగనివాళ్ళు మాత్రం మనలో తక్కువమందే.

ఇంగ్లండులో మళ్ళీ మార్పు రాబోతోంది. 2025 నవంబరులో వచ్చిన పాఠ్యప్రణాళిక సమీక్ష తరవాత, ఇ-బాక్‌ను తీసేస్తామని, కంప్యూటర్ సైన్సు జీసీఎస్ఈ బదులు ఇంకా విశాలమైన కంప్యూటింగ్ జీసీఎస్ఈ తెస్తామని ప్రభుత్వం చెప్పింది. కొత్త పాఠ్యప్రణాళిక 2028 సెప్టెంబరు నుంచి బోధించాలన్నది ప్రణాళిక. 2025 సెప్టెంబరులో ఇయర్ సెవెన్‌లో బూటు విప్పి బల్ల మీద పెట్టిన పిల్లలు అప్పటికి ఇయర్ టెన్‌కు చేరుకుంటారు. ఆర్ట్ వదిలేయాలనుకున్నవాళ్ళు అప్పటికే వదిలేసి ఉంటారు.